దొరగారి జీపూ, ఎండని బురదా

అడవి అయిపోయి బీడు మొదలయ్యే చోట ఒక నల్లరేగడి దారి ఉండేది. ఎండలు ముదిరాయంటే ఆ చుట్టుపక్కల నేలంతా నెర్రెలు విచ్చేది, ఆ నెర్రెల్లో తొండలు కాపురాలు పెట్టేవి. ఆ దారిలో మాత్రం ఒక్కచోట, ఓ పెద్ద నూర్పిడి కళ్లమంత మేర, బురద ఎండేది కాదు. పైన మబ్బు తునక ఉండదు, కింద మోకాలి లోతు జిగట. ఎందుకు ఎండదో ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్లు అలిసిపోయి ఉన్నారు. అలిసిపోనివాళ్లకి అడగాల్సిన అవసరం లేదు.

అలిసిపోయినవాళ్లు ఇద్దరు. ఒకడు మైలన్న, బూడిదరంగు ఎద్దు, ముసలివాడు, ఎవరేం చెప్పినా "సరేలే" అనే రకం. రెండోది చుక్కమ్మ, నుదుటి మీద తెల్లచుక్క ఉన్న గేదె. మాట్లాడటం తక్కువ, నమలడం ఎక్కువ. నమిలేటప్పుడు ఆలోచిస్తుందని ఎవరికీ తెలీదు. ఆడది నోరు మూసుకుని ఉంటే బుర్ర కూడా మూసుకునే ఉందనుకోవడం లోకానికి అలవాటు.

అలిసిపోనివాడు పానకాలు అనే నక్క. దొరకీ మిగతావాళ్లకీ మధ్య నిలబడటమే అతని కొలువు. ఇటు మాట అటు చేరేసరికి సగం అయ్యేది, అటునుంచి వచ్చేది ఇటు చేరేసరికి రెట్టింపు అయ్యేది.

దొరంటే బుచ్చిరాజు, ఎలుగుబంటి. ఆ అడవిలో జీపు ఉన్నది ఆయనొక్కడికే. మనుషులెవరో చెడిపోయిందని వదిలేసి పోతే ఈయన ఎక్కి కూర్చున్నాడు, అది కదిలింది. డీజిలు ఎక్కణ్ణించి వచ్చేదని అడక్కండి. దొరలకి ఎక్కణ్ణించో వస్తుంది.

ఇప్పపూలు రాలే కాలం రాగానే బుచ్చిరాజు వారం వారం జీపేసుకుని బీడు అవతలి ఇప్పచెట్ల కిందికి బయల్దేరేవాడు. "నాలుగు చక్రాలూ తిరిగే బండి ఇది, కొండలెక్కుతుంది" అని ఆయన గొప్ప. బురదలోకి వచ్చేసరికి నాలుగు చక్రాలూ నిజంగానే తిరిగేవి. బండి మాత్రం ఉన్నచోటే కిందికి దిగేది. ఆయన ఇంకా గట్టిగా తొక్కేవాడు, అది ఇంకా లోతుకి దిగేది. పొట్ట నేలకి ఆనాక హారన్ కొట్టేవాడు.

హారన్ వినపడగానే పానకాలు బీడులోకి పరిగెత్తేవాడు.

"మైలన్న మావా, చుక్కక్కా, లేవండి. దొర బండి దిగబడింది."

"మొన్నేగా లాగాం," అనేవాడు మైలన్న.

"మొన్న లాగింది మొన్న మేసిన గడ్డికి. ఇవాళ మెయ్యలేదా మరి?"

ఇదీ కట్టుబాటు. బీడు దొరది. దొర బీడులో మేసినవాళ్లు దొర బండి లాగాలి. ఇదెప్పటి కట్టుబాటని అడిగితే, మీ తాతలు లాగారు, మీ నాన్నలు లాగారు అని పానకాలు చెప్పాడు. మైలన్న తాత కాలానికి అడవిలో జీపే లేదు. ఆ సంగతి మైలన్నకి తట్టలేదు. మెడ మీద కాడి ఉన్నవాడికి తాత ఎక్కడ గుర్తుకొస్తాడు?

లాగడం అయ్యాక పానకాలు ఇద్దరి ముందూ చెరో గుప్పెడు తవుడు పోసేవాడు. "దొర చేతికి ఎముక లేదు, చూశారా" అనేవాడు. ఇద్దరూ నాకేవాళ్లు. నాకితే అయిపోయేది.

ఈ ఏడు మైలన్న మెడ మీద కాడి ఒరుసుకుని పుండు పడింది. ఈగలు దాన్ని వదిలేవి కావు. క్రితం సారి లాగినప్పుడు పుండు పగిలింది, ముంగాళ్లు వణికాయి, గట్టెక్కాక చాలాసేపు నిలబడలేకపోయాడు. ఇంకొక్కసారి ఆ బరువు లాగితే లేవడని చుక్కమ్మకి తెలుసు. మైలన్నకీ తెలుసు.

"ఈసారి నేను పడిపోతే," అన్నాడు ఓ పొద్దున నెమరేస్తూ, "నువ్వొక్కదానివే లాగాల్సొస్తుంది చుక్కమ్మా. అదే నా బెంగ."

"పోయేవాడికి కూడా బండి బెంగేనా."

"అలవాటైపోయింది."

"పసుపు పూస్తానన్నాడుగా పానకాలు. పూశాడా?"

"మర్చిపోయుంటాడు. పాపం, వాడికెన్ని పనులో."

చుక్కమ్మ నమిలింది.

ఆ మధ్యాహ్నం చుక్కమ్మ పొర్లడానికి బయల్దేరింది. మామూలుగా ఆ దారి బురదలోనే పొర్లేది. చక్రాలు దాన్ని గుంటలు గుంటలుగా చిమ్మేశాయి, గుంటల్లో నల్లనూనె తేలుతోంది. అందుకని ఇంకాస్త పైకి నడిచి, పిల్లకాలువ గట్టెక్కి, కాలువలో దిగి ముక్కూ చెవులూ మాత్రం పైకి పెట్టుకుని పడుకుంది. ఆ గట్టు బురదకి అల్లంత దూరమే. అయినా ఇన్నాళ్లలో వాళ్లిద్దరూ ఎప్పుడూ అటు ఎక్కి చూడలేదు. లాగి లాగి వచ్చినవాడికి తల ఎత్తడమే ఒక పని. గట్టెక్కడం ఎక్కడ?

కాసేపటికి గట్టు మీదికి పానకాలు వచ్చాడు. నీళ్లలో నల్లగా ఉన్నదాన్ని బండరాయి అనుకున్నాడు. గట్టులో ఉన్న ఒక బొరియ దగ్గర కూర్చుని లోపలికి పిలిచాడు.

"ఏం కోటమ్మా. బురద మీద పొర కడుతోంది. నీళ్లు తగ్గాయేంటి?"

బొరియలోంచి ఎండ్రకాయ ఒకటి కళ్లు బయటికి పెట్టింది. "మట్టి జారి కన్నం పూడింది పానకాలుగారూ. ఒంట్లో బాగాలేక చూసుకోలేదు."

"నీ ఒళ్లు నాకెందుకు? రేపు దొర వస్తాడు. పొద్దుగూకేలోపు కన్నం తెరువు. కాలువ నీళ్లు దారిలోకి బాగా జారాలి."

"ఏటా వానలు ఆగినప్పటినుంచీ తొలుస్తూనే ఉన్నానయ్యా. కత్తెర కాళ్లు అరిగిపోయాయి."

"తొలవనంటే చెప్పు," అంటూ పానకాలు తోక ముందుకి తిప్పుకుని దువ్వుకున్నాడు. "నా తోక ఖాళీగానే ఉంది."

నక్కలు ఎండ్రకాయల్ని పట్టే తీరు అదే. బొరియలోకి తోక జొనుపుతాయి. లోపలున్నది కోపంతో తోకని కరుచుకుంటుంది. అప్పుడు ఒక్క లాగు లాగి, బయటపడ్డదాన్ని కరకర నమిలేస్తాయి. కోటమ్మ మొగుడు అలాగే పోయాడు.

"తెరుస్తానులెండి," అంది కోటమ్మ, కళ్లు లోపలికి లాక్కుని.

పానకాలు వెళ్లిపోయాడు. నీళ్లలో రాయి లేచి గట్టెక్కింది. చుక్కమ్మకి కోపం రావాల్సింది. కోపానికి కూడా ఓపిక కావాలి, అది ఆ పూట లేదు. బొరియ ముందు కూలబడి, "నీళ్లు పెడుతున్నది నువ్వా కోటమ్మా," అని మాత్రం అడిగింది.

లోపల్నుంచి, "నేనే తల్లీ," అని వినపడింది. "తిడితే తిట్టు."

"తిట్టను. ఎందుకు ఒప్పుకున్నావు?"

"రెండు మాటలు చెప్పాడు. తొలిస్తే నా పిల్లలకి ఎండాకాలమంతా తడి ఉంటుందన్నాడు. తొలవకపోతే తోక పెడతానన్నాడు."

"ఆ తడిలోకి పోయిన పిల్లలు తిరిగొచ్చారా?"

జీపు చక్రాలు తిరిగే చోట ఎండ్రకాయ పిల్లలు ఏమవుతాయో ఇద్దరికీ తెలుసు.

చుక్కమ్మ బొరియలోకి ఒక కన్ను పెట్టి చూసింది. "ఆ వేరు దేనిది?"

"గట్టు మీది తుమ్మచెట్టుది. పిల్లలు పట్టుకుని ఊగేవి."

"గట్టిదేనా?"

"చెట్టు పడిపోయినా అది ఊడదు."

"నీకు కత్తెర కాళ్లు రెండు కదా," అంది చుక్కమ్మ లేస్తూ. "నీ మొగుడు రెంటితోనూ తోకనే పట్టుకున్నాడు. అదీ ఆయన చేసిన తప్పు. ఒకటి వేరుకి ఉంచుకోవాల్సింది."

ఆ మాట అని వెళ్లిపోయింది. కోటమ్మ ఆ వేరు వంక చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం మైలన్నకి సంగతంతా చెబితే అతను నమ్మలేదు. నమ్మితే ఇన్నేళ్లు లాగిందంతా ఏమిటో ఆలోచించాలి. దానికి అతని దగ్గర సత్తువ లేదు.

"పోనీలే, నమ్మొద్దు," అంది చుక్కమ్మ. "రేపు కాడి వేశాక బురదలో నేను పడుకుంటాను. నువ్వూ మోకాళ్లు వంచు."

"బురదలోనా? ఎద్దులు బురదలో పడుకోవడం మా ఇంటావంటా లేదు."

"మీ ఇంటావంటా జీపు లాగడం ఉందా?"

మైలన్న మొహం అటు తిప్పుకున్నాడు. అలిగాడు. అలిగినా కాసేపటికి ఆమె పక్కకే వచ్చి పడుకున్నాడు. వేరే చోటు వెతుక్కునే ఓపిక లేదు.

మర్నాడు ఎండ ఎక్కుతుండగా జీపు వచ్చింది. చక్రాలు నాలుగూ తిరిగాయి, బురద ఆకాశానికి లేచింది, బండి దిగింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ దిగింది. తలుపు సగం మునిగింది. హారన్ మోగింది.

"లేవండి లేవండి," అంటూ పానకాలు వచ్చాడు. "ఇవాళ మరీ లోతుకి పోయింది. దొర చిరాగ్గా ఉన్నాడు. మైలన్న మావా, ఏంటా నడక, పెళ్లికొడుకులా?"

"మెడ," అన్నాడు మైలన్న.

"ఇదొక్కసారి లాగెయ్. రేపు పసుపు తెస్తా. నా మీద ఒట్టు."

ఇద్దరి మెడలమీదా కాడి పడింది. పుండు మీద కట్టె తగలగానే మైలన్న చర్మం జలదరించింది. పానకాలు గొలుసు జీపు ముందరి కొక్కేనికి తగిలించి, తను మాత్రం కాళ్లు తడవకుండా గట్టి నేల మీద నిలబడ్డాడు. లాగేటప్పుడు అరవడం అతని వాటా.

"ఊఁ, పట్టండి. కుడివైపు. కుడివైపు అంటే నీ కుడి కాదు అక్కా, నా కుడి."

చుక్కమ్మ నాలుగడుగులు వేసింది. బురద పొట్టకి తగిలింది. అక్కడ ఆగి, తోక ఒకసారి విదిలించి, ముందు మోకాళ్లు వంచి, వెనక కాళ్లు మడిచి, బస్తా జారినట్టు జారి పడుకుంది. కాడి ఒకవైపుకి ఒరిగింది. మైలన్న మెడ మెలిపడింది. నిలబడితే పుండు చిరుగుతుంది, పడుకుంటే పరువు పోతుంది. క్షణం సేపు అలాగే గుంజుకుని, చివరికి అతనూ మోకాళ్లు వంచాడు.

"ఏంటిది?" అన్నాడు పానకాలు.

"చల్లగా ఉంది నాయనా," అంది చుక్కమ్మ. "లేవబుద్ధి కావట్లేదు."

"దొర చూస్తున్నాడక్కా. లే."

"గేదె పుట్టుక పుట్టాక బురద కనిపిస్తే పడుకోకుండా ఎలా ఉంటుంది? నా తప్పేముంది. మా అమ్మ ఇంతే, మా అమ్మమ్మ ఇంతే. కట్టుబాటు."

"ఎప్పుడు లేస్తావు?"

"బురద ఎండినప్పుడు."

పానకాలు బతిమాలాడు. బెదిరించాడు. రాయి విసిరాడు. రాయి చుక్కమ్మ వీపు మీద పడి బురదలోకి జారింది. ఆమె కళ్లు మూసుకుని నెమరేస్తోంది. మధ్యమధ్యలో తోకతో బురద ఎగజిమ్మితే అది మైలన్న మెడ మీద పడుతోంది. పుండు చుట్టూ చల్లగా పూత పట్టింది. ఈగలు లేచిపోయాయి. మైలన్న అలా తల వాల్చి, ఎన్నాళ్లకో, నిద్రపోయాడు.

జీపులోంచి బుచ్చిరాజు తల బయటపెట్టాడు. "ఒరే పానకాలూ. ఏమైందిరా?"

"గేదె పడుకుంది దొరా. బురద ఎండితే గాని లేవదట."

"మరి ఎండదేం? బీడంతా నెర్రెలు విచ్చి పెదిమలు పగిలినట్టుంటే ఇక్కడొక్కచోట ఈ తడేంటి? ఊటేమన్నా ఉందా? దిగి చూద్దామా?"

దొర ఇన్నేళ్లలో ఏ విషయం గురించీ రెండు ప్రశ్నలకి మించి అడగలేదు. ఇప్పుడు కూర్చోబెడితే ఇంకా అడిగేలా ఉన్నాడు.

"తమరెందుకు దిగడం దొరా, కాళ్లు పాడవుతాయి. నేను చూసొస్తా," అని పానకాలు గట్టు వైపు పరిగెత్తాడు.

బొరియ దగ్గరకి వెళ్లి, గొంతు తగ్గించి, "కన్నం మూసెయ్యి, తొందరగా" అన్నాడు.

"తొలవడమే నాకు వచ్చు పానకాలుగారూ," అంది కోటమ్మ లోపల్నుంచి. "పూడ్చడం మా కులానికి రాదు."

నీళ్లు బొరియలోంచి జలజలా కారుతున్నాయి. పానకాలు కాలితో మట్టి తోశాడు, కొట్టుకుపోయింది. గడ్డి కుక్కాడు, కొట్టుకుపోయింది. చుట్టూ చూశాడు. తన వెనకాల ఒత్తుగా, మెత్తగా, కన్నానికి కొలిచి చేసినట్టు వేలాడుతోంది తోక. వెనక్కి తిరిగి కూర్చుని దాన్ని బొరియలోకి జొనిపాడు. నీళ్లు ఆగిపోయాయి.

తన తెలివికి తానే మురిసి ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది.

లోపల కోటమ్మ ఒక కత్తెర కాలు వేరుకి వేసింది. రెండోది తోకకి.

పానకాలు లాగాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు, తోక ఇంకా గట్టిగా పట్టుబడింది. అరుద్దామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అరిస్తే దొర వస్తాడు. వస్తే కన్నం చూస్తాడు. పళ్లు బిగించి, కళ్లమ్మట నీళ్లు కారుతుండగా, గొంతులోనే ఏడ్చాడు.

"కోటమ్మా. తల్లీ. వదులు."

"తోక ఖాళీగానే ఉందన్నారుగా," అంది కోటమ్మ.

ఇక్కడ దారిలో ఎండ తన పని తను చేస్తోంది. నీళ్లు రావడం ఆగాక, ఉన్న నీళ్లు పల్లానికి జారిపోయాయి. మధ్యాహ్నానికి బురద మీద పొర కట్టింది, సాయంత్రానికి పొర మీద గీతలు పడ్డాయి. మర్నాడు ఎండెక్కేసరికి కాకి నడిస్తే కాలు దిగలేదు. బుచ్చిరాజు బండి వదలడానికి మనసొప్పక పైకప్పెక్కి కూర్చున్నాడు. ఆకలిగా ఉంది, విసుగ్గా ఉంది, మాట్లాడటానికి నక్క లేదు. ఎదురుగా ఎద్దూ గేదే ఉన్నారు. దొరలకి మరీ తోచకపోతే కూలివాళ్లతో కూడా మాట్లాడతారు.

"ఏమే, మీకు పంపే పిండి చాలట్లేదా, ఇలా మొండికేశారు?"

మైలన్న కళ్లు తెరిచాడు. "ఏ పిండి దొరా?"

"తెలగపిండి. లాగినప్పుడల్లా బస్తా పంపుతున్నానుగా పానకాలు చేత."

మైలన్న చుక్కమ్మ వైపు చూశాడు. చుక్కమ్మ ఎటూ చూడలేదు. ఊరివైపు ముళ్లకంచె మొదట్లో పిండి చల్లుంటే కోళ్లు ఎగబడి రావడం, వచ్చిన కోళ్లు తిరిగి వెళ్లకపోవడం ఆమె ఎప్పుడో చూసింది. పిండి ఎవరిదో మాత్రం ఇప్పుడు తెలిసింది.

"మాకు అందింది గుప్పెడు తవుడు దొరా," అంది. "అయినా పిండి కోసం కాదు, మీ బీడులో మేస్తున్నాం కాబట్టి లాగుతున్నాం."

"నా బీడా?" బుచ్చిరాజు గోక్కున్నాడు. "నాకు బీడెందుకే? ఎలుగుబంటి గడ్డి తినడం ఎక్కడన్నా చూశారా?"

మైలన్న నోట్లో నెమరు ఆగిపోయింది. ఎలుగుబంటి గడ్డి తినదు. అది తెలియడానికి చదువు అక్కర్లేదు, వయసు అక్కర్లేదు, ఒక్క నిమిషం తీరిక చాలు. ఇన్నేళ్లలో ఆ ఒక్క నిమిషమూ అతనికి దొరకలేదు.

"పానకాలు ఎక్కడ చచ్చాడు?" అన్నాడు బుచ్చిరాజు. "సరే, వాడి సంగతి తర్వాత. బురద ఎండింది. లేచి లాగండి."

చుక్కమ్మ లేచింది. అన్నమాట ప్రకారం లేచింది. మైలన్న కూడా లేచాడు. ఆమె మెడ వంచి ఒక్క విదిలింపు విదిలిస్తే కాడి ఇద్దరి మీదనుంచీ జారి నేల మీద పడింది.

"లాగితే గొలుసు తెగుద్ది గాని బండి రాదు దొరా. మట్టి చక్రాల్ని కరుచుకుని ఉంది. ముందర తవ్వాలి. తవ్వినచోట పొడిమట్టి వెయ్యాలి."

"ఎవరు తవ్వుతారు?"

"మా కాళ్లకి గిట్టలు," అంది చుక్కమ్మ. ఆయన చేతుల వైపు చూసి, ఊరుకుంది.

బుచ్చిరాజు తన చేతులు తను చూసుకున్నాడు. వేలికో కొడవలి. పుట్టలు తవ్వి చెదలు తినడానికి పుట్టిన గోళ్లు. జీపెక్కినప్పటినుంచీ చక్రం తిప్పడానికి, హారన్ కొట్టడానికి తప్ప వాడలేదు. మొహం చిట్లించి కిందికి దిగాడు. ఒక్కో చక్రం ముందూ ఏటవాలుగా తవ్వాడు. దారి పక్కనున్న చెదపుట్ట పగలగొట్టి ఆ పుట్టమన్ను తెచ్చి గుంటల్లో పోశాడు. మొదట మూలిగాడు. పుట్టలో చెదలు కనిపించాక మూలగడం మానేశాడు. నాకుతూ తవ్వాడు, తవ్వుతూ నాకాడు. అయ్యేసరికి మూతికి మట్టి, కళ్లలో వెలుగు.

బండెక్కి, ఈసారి మెల్లగా తొక్కాడు. నాలుగు చక్రాలూ తిరిగాయి. పుట్టమన్ను పట్టు ఇచ్చింది. జీపు ఒకసారి ఊగి, కాస్త ఆగి, దానంతటదే పైకొచ్చింది.

"చూశారా, కొండలెక్కే బండి," అన్నాడు బుచ్చిరాజు.

"చూశాం దొరా," అంది చుక్కమ్మ.

"ఈ పానకాలుగాడేడీ?" హారన్ కొట్టాడు. జవాబు లేదు.

"గట్టు మీద ఉన్నాడు. రండి చూపిస్తాను."

ముగ్గురూ గట్టెక్కారు. పానకాలు బొరియకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఒకరోజు ఎండకే పీక్కుపోయాడు. దొరని చూడగానే మొహం సర్దుకున్నాడు. అంత బాధలోనూ బుర్ర పనిచేస్తూనే ఉంది. అది ఒప్పుకోవాలి.

"దొరా," అన్నాడు నీరసంగా. "వచ్చి చూస్తే గట్టుకి గండి. నీళ్లన్నీ మన దారిలోకే పోతున్నాయి. తమరి బండి మునిగిపోతుందని నా తోక అడ్డం పెట్టి ఆపాను. నిన్నటినుంచీ మెతుకు లేదు."

బుచ్చిరాజుకి కళ్లు చెమర్చాయి. పిండి సంగతి అడుగుదామని వచ్చినవాడు దాన్ని పక్కన పెట్టేశాడు. "నా కోసం తోక పెట్టావురా. చుక్కమ్మా, చూశావా వీడి విశ్వాసం?"

బొరియలో కోటమ్మ ఊపిరి బిగబట్టింది. మైలన్న నోరు తెరవబోయాడు. చుక్కమ్మ అతని కాలు తొక్కింది.

"చూశాను దొరా. ఇలాంటివాడు దొరకడు," అంది. "తోక తీశాడంటే మళ్లీ బురదే. మీ బండికి దారుండదు. ఇప్పపూలు రాలడం ఇప్పుడేగా మొదలైంది."

బుచ్చిరాజు తల పంకించాడు. "నిజమే. ఒరే పానకాలూ, కదలకు. వానలు పడేదాకా అలాగే కాపాడు. పిండి విషయం కూడా ఒకటి మాట్లాడాలి నీతో, తీరిగ్గా మాట్లాడదాం. ఎక్కడికీ పోవుగా."

దిగి వెళ్లిపోయాడు. జీపు బీడు దాటి ఇప్పచెట్ల వైపు సాగింది. ఇన్నేళ్లూ లాగినవాళ్ల వైపు ఆయన తిరిగి చూడలేదు.

"ఒక్క మాటన్నా అనలేదు మనల్ని," అన్నాడు మైలన్న.

"చూడకుండా పోతున్నాడుగా. అది చాలు," అంది చుక్కమ్మ.

వాళ్లు గట్టు దిగబోతుంటే వెనకనుంచి సన్నగా పిలుపొచ్చింది. "చుక్కక్కా. మైలన్న మావా. మీ కాళ్లు పట్టుకుంటా. కాస్త లాగండి. మీకిదెంత, జీపులే లాగారు."

మైలన్న ఆగాడు. అలవాటు చొప్పున మెడ ముందుకి వంగింది. "పోనీ లాగుదామా చుక్కమ్మా. ఒక్కసారికేగా."

చుక్కమ్మ వెనక్కి వచ్చి, పానకాలు ఎదురుగా నిలబడి, బొరియని చూసింది, తోకని చూసింది, ఎండని చూసింది.

"మావ మెడకి పసుపు తెచ్చావా నాయనా?"

పానకాలు తల దించుకున్నాడు.

"అయితే ఎండనీ," అంది. "కాలువ ఎండితే అదే వదులుద్ది."

చాలా రోజులకి కోటమ్మ విసుగొచ్చి వదిలింది. కాలువలో నీళ్లు కూడా అప్పటికి అడుగంటాయి. మైలన్న మెడ మీది పుండు మాని అక్కడ తెల్లవెంట్రుకలు మొలిచాయి. పానకాలు తోక మీద వెంట్రుకలు మాత్రం మళ్లీ మొలవలేదు. ఇప్పుడతను వేరే అడవిలో, వేరే దొర దగ్గర ఉన్నాడని చెప్పుకుంటారు. అక్కడ కూడా ఒక దారి ఎండటం లేదట.

బండి లాగమని పిలుపొచ్చినప్పుడు, ఆ బురదకి నీళ్లు పెడుతున్నదెవరో ముందు చూడండి, అది చూసే ఓపిక కూడా లేనంతగా అలిసిపోకముందే.